వరి పంట – సర్కారు ఖర్చు – మూడవ యూరియా బస్తా
(మఠంపల్లి రైతుల కొరకు చేసిన ప్రసంగ పాఠము)



ఈ ప్రాంతమున వరి పండుటకు మీ కష్టముతోపాటు దేశప్రజల సొమ్ము కూడ కారణము. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువ వచ్చిన తరువాతనే మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములు వరి సీమలైనవి. అంతటి కాలువను ఏ ఒక్క రైతైనను త్రవ్వించుకొనగలడా?

సర్కారు సొమ్ము మీ పొలమునకు రెండు దారుల వచ్చుచున్నది. మొదటిది నిలిచియుండు ఖర్చు: కాలువలు, కరెంటు లైనులు, విత్తన పరిశోధన. బాపట్లలో రూపొంది 1986లో విడుదలైన సాంబ మసూరి, రాజేంద్రనగర్‌లో రూపొందిన తెలంగాణ సోన ఇటువంటి ఖర్చు ఫలితములే. రెండవది ఏటేట పెట్టు ఖర్చు: ఎరువుల రాయితీ, ఉచిత కరెంటు, ఎకరాల లెక్కన ఇచ్చు పెట్టుబడి సాయము. 2018లో పంటకు ఎకరాకు 4,000 రూపాయలుగా మొదలైన ఈ సాయము 2025లో 6,000 రూపాయలైనది. ఈ రెండవ ఖర్చు ఒక్క పంటతో కరిగిపోవును. దానివలన లాభమో నష్టమో మీ వాడకమునుబట్టి యుండును.

యూరియా సంగతి చూడుడు. 45 కిలోల బస్తా సుమారు 267 రూపాయలకే దొరకుచున్నది. అసలు ఖర్చులో అధిక భాగము కేంద్ర ప్రభుత్వము భరించుచున్నది. 2010 ఏప్రిల్‌లో భాస్వరము, పొటాష్ ఎరువులకు పోషకములనుబట్టి రాయితీ నిర్ణయించిరి. యూరియాను అందులో చేర్చలేదు. ఆ ఎరువుల ధరలు పెరిగినవి; యూరియా చౌకగా నిలిచినది. కనుక మన చేయి యూరియా బస్తాపైకే పోవుచున్నది.

లెక్క వేయుదము. వానాకాలపు వరికి సాధారణముగా ఎకరాకు 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరము, 16 కిలోల పొటాష్ కావలెను. ఒక బస్తా డి.ఎ.పి.లో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరము గలవు. రెండు బస్తాల యూరియాలో 41 కిలోల నత్రజని గలదు. అర బస్తా మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌లో 15 కిలోల పొటాష్ గలదు. ఇంతటితో లెక్క సరిపోయినది. మూడవ యూరియా బస్తాకు ఇందులో చోటు లేదు.

ఆ మూడవ బస్తా వేసినచో పైరు నల్లగా ఏపుగా కనబడును గాని దోమపోటు, అగ్గితెగులు తెచ్చును. గాలివానకు చేను పడిపోవును. బస్తా చౌకయే, మందు పిచికారీ చౌక కాదు. పట్టాను చూచి ఇచ్చు సాయము చేతికందని కౌలు రైతుకు ఈ దెబ్బ మరింత పెద్దది.

కావున డి.ఎ.పి.ని ఆఖరి దమ్ములో వేయుడు. యూరియాను నాటునప్పుడు, పిలక దశలో, అంకుర దశలో మూడు సమభాగములుగా వేయుడు. పొటాష్ సగము దమ్ములో, సగము అంకుర దశలో వేయుడు. జింకు సల్ఫేటును డి.ఎ.పి.తో కలుపవలదు. రెండు మీటర్లకొక కాలిబాట వదలుడు. వేసవిలో పొలమున ఎనిమిది పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి, కలిపి, అర కిలో గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రమునకో, మీ వ్యవసాయాధికారికో ఇచ్చి పరీక్ష చేయించుడు. ఫలితమునుబట్టి పై మోతాదులు మార్చుకొనుడు.

సర్కారును అడుగునప్పుడు కాలువ మరమ్మతు, చివరి భూములకు నీరు ముందు అడుగుడు. 2024 సెప్టెంబరు వరదలకు నడిగూడెం మండలమున ఎడమ కాలువకు గండి పడినది. నీరు ఆగిన పొలమునకు ఎన్ని బస్తాలు చల్లినను గింజ కట్టదు. చౌకగా వచ్చినదానిని కొలిచి వాడుకొనుట మన పని. కాలువను నిలుపుట సర్కారు పని. రెండును జరిగిననాడే గాదె నిండును.