లైసెన్సు అడగని విమానం

పెళ్లి, పిల్లలు, ఇంటి అప్పు. అమెరికాలో కుర్రతనంలో విమానం నడిపిన చాలామంది వీటి మధ్యే ఆ సరదా వదిలేస్తారు. కొందరిని మళ్లీ గాల్లోకి లేపుతున్నది అల్ట్రాలైట్ అనే అతి తేలికైన విమానం.

1975లో విస్కాన్సిన్ రాష్ట్రంలో జాన్ మూడీ అనే వ్యక్తి హ్యాంగ్ గ్లైడర్‌కు చిన్న ఇంజను తగిలించి ఎగిరాడు. ఆ పిచ్చి ఎంత పాకిందంటే, 1982లో ప్రభుత్వం పార్ట్ 103 నిబంధనలు తేవాల్సి వచ్చింది. ఒకటే సీటు, 115 కిలోలలోపు ఖాళీ బరువు, 19 లీటర్లకు మించని పెట్రోలు, గంటకు 102 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. వీటికి లోబడితే లైసెన్సూ వైద్యపరీక్షా అక్కర్లేదు. రాత్రిపూట గానీ, జనం కిక్కిరిసిన చోట్ల మీదుగా గానీ మాత్రం ఎగరకూడదు.

చిత్రంగా, పాత అనుభవమే ఇక్కడ ముప్పు. ఇంత తేలికైన విమానంలో ఇంజను ఆగితే వేగం చటుక్కున పడిపోతుంది. సెస్నా లాంటి బరువైన విమానాల అలవాటుతో ముక్కు దించడం ఆలస్యం చేస్తే అంతే సంగతులు! చట్టం అడగకపోయినా, తెలివైనవాళ్లు ముందుగా రెండు సీట్ల విమానంలో శిక్షకుడి పక్కన కూర్చుంటారు.