గిరీశానికి ముఖం వచ్చాక

సినిమా గొప్పదా, పుస్తకం గొప్పదా అనే వాదన మన నెల్లూరు తీరంలో మొదలైతే పి. పుల్లయ్య పేరు రాకుండా ఉండదు. నెల్లూరులో పుట్టిన ఆ దర్శకుడు 1955లో 'కన్యాశుల్కం' తీశారు.

దానికి మూలమైన గురజాడ నాటకం అంతకు చాలా ముందే, 1897లో అచ్చయింది. 1909లో బాగా పెరిగి, ఏడంకాలతో మళ్లీ వచ్చింది. చదివేటప్పుడు అందులోని గిరీశం పాత్ర ఎవరి ఊహలో వాళ్లకుండేది. సినిమాలో ఆ పాత్ర ఎన్టీఆర్ వేశాక ఆయన ముఖమే నిలిచిపోయింది. ఇది నష్టమే అంటాను. కానీ అందులోనే సావిత్రి వేసిన మధురవాణి పాత్రను చూస్తే ఆ మాట అనడానికి నోరు రాదు. అచ్చులో నాలుగు మాటలు పట్టేదాన్ని ఆమె ఓ చూపులో తేల్చేస్తుంది. పుస్తకంలో నచ్చిన మాట దగ్గర ఆగి, వెనక్కి తిప్పి, మళ్లీ నవ్వుకోవచ్చు. హాల్లో రీలు మనకోసం ఆగదు.

సినిమా 'కన్యాశుల్కం' వచ్చిన 1955లోనే పుల్లయ్య 'అర్ధాంగి' కూడా తీశారు. కథ బెంగాలీ నవలది. మాటలు సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడులో పుట్టిన ఆత్రేయవి. ఆ నవల చదవని తెలుగువాళ్లకు కూడా, ఆ కథ పులికాట్ సరస్సు పక్క మనిషి తెలుగులోనే వినిపించింది.