పాత బ్యాటరీకి రశీదు

(కార్తీక వనభోజనాల సందర్భంగా మహానందిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఉదయం మనమందరం కోనేటిలో స్నానాలు చేసి వచ్చాం. అడుగున పడిన రూపాయి బిళ్ల పైకి స్పష్టంగా కనిపించే నీళ్లు అవి. ఆ నీరే కిందికి పారి అరటి తోటలను, వరి మళ్లను తడుపుతోంది. అయితే ఎంత తేట నీటిలో కలిసినా కంటికి కనిపించని విషం ఒకటుంది. అది సీసం. నేటి నా మాట దాని గురించే.

మన తరం స్కూటర్లు నడిపిన రోజుల్లో పెట్రోలులో సీసం కలిపేవారు. ఇంజను కొట్టుకోకుండా ఉండేందుకు 1921లో అమెరికాలో కనిపెట్టిన పద్ధతి అది. ఆ పొగనే మనమందరం పీల్చాం. మన దేశంలో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కొత్త కార్లతో మొదలుపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నాటికి దేశమంతటా సీసం లేని పెట్రోలు తెచ్చారు. చిట్టచివరగా 2021లో అల్జీరియా కూడా మానేసింది. దానివల్ల ఎవరి బండీ ఆగిపోలేదు.

యూరపు దేశాలు మరో అడుగు ముందుకు వేశాయి. 2000లో చట్టం చేసి, 2003 జూలై నుంచి అమ్మే కార్ల భాగాల్లో సీసం, పాదరసం వంటివి ఉండరాదన్నాయి. చక్రాల బ్యాలెన్సింగ్ కోసం అంచుకు బిగించే సీసపు ముక్కల స్థానంలో ఇనుము, జింకు వచ్చాయి. కొన్నింటికి మాత్రం మినహాయింపులు ఇవ్వక తప్పలేదు. వాటిలో పెద్దది బ్యాటరీ. మామూలు బ్యాటరీ బరువులో సగానికి మించి సీసమే. ప్రపంచం మొత్తం వాడే సీసంలో నూటికి 85 పాళ్లు బ్యాటరీలకే పోతోంది. కనుక మిగిలిన పని అక్కడే ఉంది.

ఇక్కడ నా తప్పొకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట మా ఇంటి ఇన్వర్టరు బ్యాటరీ చెడిపోయింది. అంగట్లో పాతదానికి ఇస్తామన్న ధర కన్నా రెండు వందలు ఎక్కువిస్తానన్నాడు పాతసామాన్ల అతను. ఇచ్చేశాను. వారం తర్వాత ఒక సందులో పోతుంటే, ఒక కుర్రవాడు అటువంటి బ్యాటరీలనే సుత్తితో పగలగొడుతున్నాడు. యాసిడ్ మోరీలోకి వంచాడు. పక్కన బాండ్లీలో సీసం కరుగుతోంది. చంటిబిడ్డను చంకన వేసుకుని ఒక తల్లి ఆ పొగలోనే నిలబడి ఉంది.

"ఒళ్లు పాడవదా నాయనా?" అన్నాను.

"బెల్లం తింటాంలే తాతా, ఏం కాదు" అన్నాడు.

బెల్లానికి సీసం పోదు. ఆ బ్యాటరీల్లో నాది ఉందో లేదో నాకు తెలియదు. నా జేబులోని రెండు వందలు మాత్రం అటువంటి చోటి నుంచే వచ్చాయి.

ఒంట్లో ఇంతవరకు సీసం ఉన్నా ఫరవాలేదనే మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. లోపలికి పోయిన సీసాన్ని పెద్దల కన్నా పసిపిల్లల ఒళ్లు నాలుగైదు రెట్లు ఎక్కువగా పట్టుకుంటుంది. అది ఎముకల్లో పేరుకుంటుంది, మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. బిడ్డకు చదువు తలకెక్కకపోతే వాడి ఖర్మ అనుకుంటాం. ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో సీసం హద్దు మీరి ఉందని 2020లో యూనిసెఫ్ నివేదిక తెలిపింది. పాత బ్యాటరీలను ఇష్టం వచ్చినట్టు కరిగించడం అందుకు ఒక ముఖ్య కారణమని కూడా చెప్పింది.

మన దేశంలో చట్టం లేక కాదు. పాత బ్యాటరీలను డీలర్లు వెనక్కు తీసుకోవాలని 2001లోనే నిబంధనలు వచ్చాయి. వాటి స్థానంలో 2022 ఆగస్టులో వచ్చిన కొత్త నిబంధనల ప్రకారం, వాటిని సేకరించి రిజిస్టరైన కర్మాగారాలకు చేర్చే బాధ్యత తయారీదారులదే. సరైన పద్ధతిలో కరిగిస్తే అదే సీసం మళ్లీ మళ్లీ పనికొస్తుంది. అయితే జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన గుమాస్తాగా ఒక మాట చెబుతాను. చట్టం గెజిట్‌లో పుడుతుంది, రశీదుతో నడుస్తుంది.

కాబట్టి నా మనవి ఇంతే. పాత బ్యాటరీని కొత్తది కొన్న అంగట్లోనే ఇవ్వండి. బిల్లులో ఆ సంగతి రాయించుకోండి. ఇంట్లో పగలగొట్టవద్దు, యాసిడ్ పారబోయవద్దు. నాలుగు రూపాయలు తగ్గితే తగ్గనివ్వండి.

మనం బతికే ఉన్నామని ఏటేటా ప్రభుత్వానికి ఒక కాగితం ఇస్తున్నాం. పిల్లలు చల్లగా బతకడానికి ఇంకొక కాగితం అడిగి తీసుకుందాం.