తాకత్ సూది: ఒక డాక్టర్ మాట
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఏడాది మన కలయికలో భోజనాల దగ్గర ఎవరో ఒకరు నన్ను పక్కకు పిలుస్తారు. "అరే డాక్టర్, తాకత్ తగ్గింది రా. ఆ మగ హార్మోన్ సూది ఒకటి రాసియ్యి" అంటారు. ఈసారి అందరికీ ఒకేసారి జవాబు చెబుదామని ఇక్కడ నిలబడ్డాను.

కొన్నేళ్ల క్రితం ఇలాగే అడిగిన మన మిత్రుడొకరికి టెస్టోస్టిరాన్ ఇంజక్షన్ రాసిచ్చాను. రక్తపరీక్ష చేయించలేదు. చిన్ననాటి స్నేహం, కాదనలేకపోయాను. మొదట హుషారు వచ్చింది. ఆ ఏడు లాల్ దర్వాజా బోనాల ఊరేగింపులో కుర్రాడిలా తిరిగాడు. ఆరో నెలకు తలనొప్పి, ముఖం ఎర్రబడటం, రాత్రంతా గురక. పరీక్ష చేయిస్తే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 57 శాతం ఉంది. 54 దాటితే మందు ఆపాలన్నది వైద్య నియమం. రక్తం అలా చిక్కబడితే నరాల్లో గడ్డకట్టే ప్రమాదం ఉంది. వేళకు పట్టుకున్నాం కాబట్టి, సూది ఆపాక మెల్లగా దిగింది. అసలు అతని నీరసానికి కారణాలు అదుపులో లేని షుగర్, నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. ఆ రెండో జబ్బును నా సూది ఇంకా పెంచి ఉంటుంది. "అన్నా, ముందే చూడాల్సింది గదా" అంది అతని భార్య. ఆ మాట నన్ను ఇంకా వదల్లేదు.

ఈ మందు చెడ్డదని నేను చెప్పడం లేదు. వృషణాలు గానీ, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి గానీ దెబ్బతిన్నవారికి ఇది మేలు చేస్తుంది. లక్షణాలుండి, వేరువేరు రోజుల్లో ఉదయం పూట చేసిన రెండు పరీక్షల్లోనూ హార్మోన్ తక్కువని తేలాకే మొదలుపెట్టాలి. మొటిమలు, కాళ్ల వాపు, రొమ్ములు పెరగడం, బీపీ పెరగడం వంటివి రావచ్చు. ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవారికి మామూలుగా ఇవ్వరు. అందుకే వయసు మళ్లినవారికి ముందు పీఎస్ఏ పరీక్ష చేస్తాం. పూసుకునే జెల్ అయితే ఆరకముందే మనవళ్లను ఎత్తుకోకండి, అది పిల్లల ఒంటికి అంటుతుంది.

గుండె సంగతి చాలామంది అడుగుతారు. 2023లో వెలువడిన ట్రావర్స్ అధ్యయనంలో, 45 నుంచి 80 ఏళ్ల మధ్య వయసున్న 5,000 మందికి పైగా పురుషులను పరిశీలించారు. గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవారి కంటే ఎక్కువ రాలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తపు గడ్డలు, కిడ్నీ దెబ్బతినడం కొంత ఎక్కువగా కనిపించాయి.

ఇక వెనక వరుసల్లో ఉన్న తమ్ముళ్లకు ఒక మాట. మన గల్లీల్లో జిమ్‌లు బాగా పెరిగాయి, మంచిదే. కండల కోసం ఎవరైనా ఈ సూది ఇస్తానంటే మాత్రం వద్దనండి. బయటి నుంచి హార్మోన్ వస్తే, సరిపడా ఉందనుకుని మెదడు వృషణాలకు కబురు ఆపేస్తుంది. అవి చిన్నబడతాయి, వీర్యకణాలు తగ్గిపోతాయి, కొందరిలో పూర్తిగా ఆగిపోతాయి. మందు ఆపినా మళ్లీ రావడానికి నెలలు, ఒక్కోసారి ఏడాది పైన పడుతుంది. పెళ్లై పిల్లల కోసం ఎదురుచూస్తున్నవారికి ఆ ఏడాది ఎంత బరువో చెప్పనక్కర్లేదు.

కాబట్టి మిత్రులారా, ఇవాళ కూడా భోజనాల దగ్గర అడగండి, నేనేమీ అనుకోను. అయితే ముందు నేనే మిమ్మల్ని అడుగుతాను: నిద్ర ఎలా ఉంది, షుగర్ ఎంత, నడుము చుట్టుకొలత ఎంత అని. బరువు తగ్గితే హార్మోన్ దానంతట అదే కొంత పెరుగుతుంది. ఆ తర్వాత పరగడుపున రక్తపరీక్షకు పంపుతాను. సూది రాయాల్సి వచ్చినా, మూడు నాలుగు నెలల్లో మళ్లీ పరీక్షకు రావాల్సిందే.

స్నేహం కొద్దీ ఒకసారి కాదనలేకపోయాను. ఇప్పుడు స్నేహం కొద్దీనే ముందు పరీక్ష అంటున్నాను. సెలవు.