బడి కోలాటం: పోటీకి కూర్పు

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల హైస్కూళ్లలో పోటీకి కోలాటం నేర్చుకునే పిల్లలకు ఈ నాలుగు మాటలు.

అమెరికా బడుల చీర్‌లీడింగ్ పోటీల్లో ఒక్కో ఆట సాధారణంగా రెండున్నర నిమిషాలే. అడుగులన్నీ ఎనిమిదేసి లెక్కల్లో కూరుస్తారు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

జట్టు సరిసంఖ్యలో ఉండాలి. మొదటి కోపు (అడుగుల వరుస) నిదానంగా, ఒకే వలయంలో వేయండి. చూసేవాళ్ల చెవికి తాళం అందాక వలయాన్ని రెండు చేసి, ఎదురెదురు దిక్కుల్లో తిప్పండి. వేగం అప్పుడే పెంచాలి. మొదట్లోనే ఉరికితే చివరికి ఊపిరి మిగలదు.

జడకోలాటమైతే కథే వేరు. పైనుంచి వేలాడే తాళ్లు పట్టుకుని ఒకరు లోపలికి, ఒకరు బయటికి దాటుతుంటే జడ పడుతుంది. మగ్గాల సిరిసిల్ల పిల్లలకు ఇది కొత్తగా చెప్పాలా! విప్పాలంటే అవే అడుగులు వెనక్కి వేయాలి, కాబట్టి అల్లినంత సమయం విప్పడానికీ ఉంచుకోండి. ఒక్కరు తప్పినా తాళ్లు చిక్కుపడతాయి. అందుకే ముందు తాళ్లు లేకుండా, నేలమీద ముగ్గుతో దారులు గీసి నడిపించండి. పాడేవాళ్లు పక్కన నిలబడితే మేలు. ఆడుతూ పాడితే రెండూ చెడతాయి. అడుగు మార్చమని ఊదే ఈల మాత్రం ఒక్కరి దగ్గరే ఉండాలి.