పొక్లెయిను పక్షపాతమెరుగదు
(ఏలూరులోని ఒక పఠన మందిరమున ఒక న్యాయవాది చేసిన ఉపన్యాసము)



మొన్న నొక యువకుడు మా యింటికి వచ్చెను. మాకు దూరపు బంధువు. తాడేపల్లిగూడెములో 2015లో వెలసిన జాతీయ సాంకేతిక విద్యాలయమున చదువుచున్నాడు. తన చేతి ఫోనులో కొల్లేటి పటమును నాకు చూపెను. ఆకాశమున తిరుగు ఉపగ్రహము తీసిన పటమట. "చూడండి మామయ్యగారూ, ఎంత స్పష్టంగా ఉందో!" అని సంబరపడెను. నేను కండ్లజోడు సవరించుకొని చూచితిని. స్పష్టముగనే యున్నది; చదరంగపు బల్లవలె నున్నది. నలుచదరపు గళ్ళు, గళ్ళ మధ్య సన్నని గట్లు, గట్లమీద చీమలవంటి లారీలు. "ఇందులో కొల్లేరు ఎక్కడున్నదిరా?" అని యడిగితిని. వాడు పటమును వ్రేళ్ళతో పెద్దది చేసెను, చిన్నది చేసెను, ప్రక్కకు జరిపెను. కడకు ఒక మూల నున్న పచ్చని మరకను చూపి, "ఇదే అయ్యుంటుందండీ" అనెను. మా యింటి పెరటిలోని జామచెట్టును క్షణములో చూపిన యంత్రమునకు సరస్సును వెదకుటకు పావుగంట పట్టినది. తప్పు యంత్రముది కాదు.

నూతన యంత్రములు, వ్యాపారము, సంఘము అను విషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించిరి. పత్రికలు తెరచినచో కృత్రిమ మేధను గూర్చిన వార్తలే. అది అందరి కొలువులను మింగునని కొందరు, మొదట మింగునది వకీళ్ళనే యని నా మిత్రులు చెప్పుచున్నారు. నాకంత భయము లేదు. వాయిదా యడుగుట యంత్రమునకు నేర్పవలెనన్న ఇంకను చాలకాలము పట్టును. నేను చెప్పదలచినది అంతటి సూక్ష్మయంత్రమును గూర్చి కాదు. పసుపుపచ్చని రంగు, ఇనుప చేయి, గొలుసుల కాళ్ళు గల యంత్రమును గూర్చి. మన పల్లెలలో దానిని పొక్లెయిను అందురు. గత నలుబదియేండ్లలో మన ప్రాంతపు చరిత్రను ఏ మంత్రియు, ఏ పండితుడును వ్రాయనంతగా అది వ్రాసినది. దాని వ్రాత మాత్రము మట్టిమీద.

కొల్లేరన నేమో ఈ సభలోనివారికి నేను చెప్పనక్కరలేదు. కాని చిన్నవారు కొందరు వచ్చియున్నారు గనుక రెండు మాటలు. గోదావరి కృష్ణల డెల్టాల నడుమనున్న పల్లమిది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మొదలగునవియు, మురుగు కాలువలును నీరు తెచ్చి పోయును. తీసికొనిపోవునది ఉప్పుటేరు ఒక్కటే. అదియు అరువది కిలోమీటర్లు వంకరలు తిరిగి సముద్రమును చేరును. నీరు సముద్రమట్టమునకు మూడడుగుల యెత్తున నిలిచినపుడు సరస్సు వైశాల్యము 135 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల యెత్తున నిలిచినచో 901. అనగా ఇది ఊపిరి పీల్చు సరస్సు. వానకాలమున రొమ్ము విరిచికొనును, ఎండకాలమున లోనికి ముడుచుకొనును. నీరు హెచ్చినపుడు వలయు, తగ్గినపుడు నాగలియు తిరిగెడివి. మన పెద్దలు ఊపిరితోపాటు తామును ముందుకు వెనుకకు జరుగుచు బ్రతికిరి.

ఊపిరికి సరిహద్దు గీయుట కష్టము. కాని గీత లేనిదే శాస్త్రమున హక్కు లేదు, మాకు ఫీజు లేదు. కాబట్టి 1999 అక్టోబరులో 120వ నంబరు ఉత్తర్వుచే, అయిదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యముగ ప్రకటించిరి. చెట్టు లేని అరణ్యమేమని నవ్వినవారున్నారు. అభయ మెవ్వరికని యడిగినవారును ఉన్నారు. 2002లో రాంసార్ ఒప్పందము క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల తడినేలగ దీనిని గుర్తించిరి. ఈ గీత యెచ్చట నున్నదో ఆటపాక గూడబాతుకు తెలియదు, కొరమేనుకు తెలియదు, బుడమేటి వరదకు అంతకంటె తెలియదు. తెలిసినది మా వకీళ్ళకును, దళారులకును. భారతమును పంచమవేద మందురు గదా; కొల్లేటి లంకలవారికి అయిదవ కాంటూరే పంచమవేదము. చదివినవారు తక్కువ, ప్రమాణము చేయువారెక్కువ.

ఇక పొక్లెయిను సంగతి. సరస్సులో చేపల చెరువులను మొదట తలపెట్టినది దొంగలు కాదు, ప్రభుత్వము. 1970 తరువాతి యేండ్లలో మత్స్యకారుల సహకార సంఘములకును, దళితుల సంఘములకును చెరువులు త్రవ్వించి యిచ్చిరి. తలపు మంచిదే. పేదవాడు వలతో వెదకుకొను చేప, పేదవాని గట్టులోనే పెరుగునని వారి యాశ. కాని బొచ్చె, శీలావతి పెంచుటకు పిల్ల కావలెను, తవుడు కావలెను, చెక్క కావలెను, యంత్రము కావలెను, మంచుపెట్టెలు కావలెను, వంగదేశమునకు పోవు లారీ కావలెను. ఇవి యన్నియు ఉన్నవాడు పట్టణములో నున్నాడు. చెరువు మాత్రము లేదు. చెరువున్న వానికి ఇవి యేవియు లేవు. ఈ యిరువురకు పెండ్లి చేయుటకు పురోహితుడు కావలెను గదా! మేమున్నాము.

పొక్లెయిను రేయింబవళ్ళు పనిచేసెను. ఉపగ్రహ చిత్రములను పరిశీలించిన పండితులు, 2004 నాటికి దాదాపు నూరు చదరపు కిలోమీటర్ల సరస్సు చేపల చెరువులైనదని లెక్క తేల్చిరి. అంతట 2006 వచ్చెను. సుప్రీంకోర్టువారి కేంద్ర సాధికార సంఘము ఆక్రమణలను తొలగించవలెనని చెప్పగా, "ఆపరేషన్ కొల్లేరు" అను పేర వేలాది యెకరముల గట్లను పగులగొట్టిరి. పగులగొట్టినది గూడ పొక్లెయినే. నాడు గట్టు వేసినందులకు ఎంత శ్రద్ధయో, నేడు గట్టు తెంచుటకును అంతే శ్రద్ధ. తరువాత కొన్నియేండ్లకు రాత్రివేళ మరల గట్టు వేయుటకు వచ్చినదియు అదియే. గంట కింత యని బాడుగ. పగలైన నేమి, రాత్రియైన నేమి? దానికి పక్షపాతము లేదు. ఈ యంత్రమును నేను నిందింపజాలను. వకాలతు పుచ్చుకొన్న వాడను, నిందించుటకు నాకు మొగమేది?

ఇచ్చట నాదొక సంగతి చెప్పుకొనవలెను. 2005లో నేను కొత్తగ నల్లకోటు తొడిగినవాడను. ఒకనాడు ఒక పెద్దమనిషి యొక మత్స్యకార సంఘపు సభ్యులను కొందరిని వెంటబెట్టుకొని వచ్చెను. సంఘమువారి చెరువును, సంఘమువారి మేలు కోరి, వేరొకరు కొన్ని సంవత్సరములు అనుభవించుటకు ఒక ఒప్పందము కావలెను. వ్రాసితిని. ఎంతో చక్కగ వ్రాసితిని. కౌలు అను మాట లేకుండ కౌలును వ్రాసితిని. అభయారణ్యమను మాట అందులో ఒక్కచోటను రానీయలేదు. రాకుండ వ్రాయుటకే నా ఫీజు. సభ్యులు వరుసగ వచ్చి కొందరు సంతకములు, కొందరు వ్రేలిముద్రలు వేసిరి. వ్రేలికి సిరా అద్దినవాడను నేనే. వారిలో నొక ముసలివాడు, "చదివి వినిపిత్తారా బాబూ?" అని యడిగెను. పెద్దమనిషికి రైలుకు వేళయైనది. తరువాత వినిపించెదనంటిని.

మరుసటి యేట గట్లు తెగినవి. నేను అప్పటికే సేవాదళములో చేరియుంటిని. నష్టపోయిన కుటుంబముల జాబితా వ్రాయుటకు మమ్ము లంకలకు పంపిరి. బురదగట్టుమీద పుస్తకము మోకాలిపై నుంచుకొని పేర్లు వ్రాయుచుండగా, ఆ ముసలివాడే వరుసలో వచ్చి నా యెదుట నిలిచెను. నన్ను గుర్తుపట్టెను. కోపము లేదు, ఏడుపు లేదు. "ఆ కాగితం మీరే రాశారు గదండీ బాబూ. అందులో పొక్లెయిను వత్తాదని రాయలేదేటండీ?" అనెను. అంతే. ఆతని పేరు వ్రాసి, కుటుంబములో ఎందరని యడిగి, తరువాతివానిని పిలిచితిని. ఇరువది యేండ్లుగ ఆ ప్రశ్నకు జవాబు వ్రాయుచునే యున్నాను. ఇంకను దాఖలు చేయలేదు.

ఆ పెద్దమనిషి యేమయ్యెనందురా? నష్టమును లెక్కలలో వ్రాసికొని వేరొకచోట రొయ్యల చెరువులకు పోయెను. వ్యాపారమున అది సహజమే. విచిత్రమేమనగా, లాభము వచ్చునప్పుడు చెరువునకు యజమాని పట్టణమున నుండును. నేరము వచ్చునప్పుడు యజమాని లంకలో నుండును. లాభమున కొక యజమాని, నేరమున కొక యజమాని. ఒకే గట్టునకు ఇద్దరిని కల్పించిన ఘనత యంత్రములది కాదు, దస్తావేజులది.

మా కోర్టు భాషలో చెప్పవలెనన్న కొల్లేరు ఉమ్మడి కుటుంబపు ఆస్తి. మత్స్యకారుడు ఒక భాగస్థుడు. సరస్సు అంచులలో జిరాయితీ పట్టా గల రైతు మరియొక భాగస్థుడు. ఆతనిని ఆక్రమణదారుతో కలిపి తిట్టుట అన్యాయము. ఆతని హక్కును తేల్చి, పరిహార మిచ్చినగాని భూమిని తీసికొనుట న్యాయము కాదు. గూడబాతులు మైనర్లు; వానికి గార్డియనుగ నున్న అటవీశాఖవారు వాయిదాకు ఒక్కొకమారు వత్తురు. ఇక వరద యున్నది చూచితిరా, అది భాగస్థుడు కాదు, అప్పులవాడు. మొదటి తాకట్టు దానిది. తక్కినవారందరు పంపకములు చేసికొని, గట్లు పోసికొని, విందు చేసికొనుచుండగా, అది తలుపు తట్టును. 2024 సెప్టెంబరు మొదట బుడమేరు విజయవాడలోని వీధులలో తట్టిన తట్టు మనమందరము వింటిమి. ఆ బుడమేరు పోవలసినది కొల్లేటిలోనికి. కొల్లేటినుండి పోవలసినది ఉప్పుటేటి గుండ. త్రోవలో గట్లున్నచో, ఉప్పుటేరు పూడియున్నచో, అప్పులవాడు వెనుదిరిగి ఎవరి యింటనో కూర్చుండును. ఆతనికి స్టే ఉత్తరువు లేదు.

భాగస్థులు ఊరకుండలేదు. 2008లో రాష్ట్ర శాసనసభవారు అభయారణ్యమును అయిదవ కాంటూరునుండి మూడవ కాంటూరునకు తగ్గింపవలెనని తీర్మానించిరి. కేంద్రమువారు ఆచార్య అజీజ్ గారి అధ్యక్షతన ఒక సంఘమును నియమింపగా, వారు పరిశీలించి, తగ్గింపవలదనిరి. 2025లో సాధికార సంఘమువారు మరల వచ్చి సరస్సును చూచి, జనుల మొరలాలకించిరి. మూడా, అయిదా యని మన ప్రాంతమున చంటిపిల్లలు గూడ వాదింపగలరు. రెండడుగుల యెత్తున ఇంతటి రాజకీయము పట్టునని కొలబద్ద చేసినవాడు కలనైన తలచియుండడు.

తాడేపల్లిగూడెముపోయినచో నాకొక అలవాటు కలదు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అచ్చట వేసిన విమానపు బాట యొకటి మిగిలియున్నది గదా, ఉదయమున దానిమీద నడచెదను. ఆ యుద్ధము ముగిసి ఎనుబదియేండ్లు దాటినది. బాట మాత్రము కదలలేదు. యంత్రము వచ్చిన పని ముగించుకొని పోవును. అది వేసినది నేలమీద నుండిపోవును. అచ్చటి ఉల్లి మార్కెట్టులో వర్తకుడు దేశములోని ధరలన్నియు ఫోనులో చూచికొనును. బస్తా దించిన రైతు వేలముపాట ముగిసిన పిదప తన ధర తెలిసికొనును. ఫోను ఇద్దరిదగ్గరను ఉన్నది. ఇది ప్రసంగవశమున చెప్పితిని.

నీటి సంగతి యొకటి మిగిలినది. చెరువులలో వాడిన నీరు, పొలములలోని మందులు కడిగిన నీరు, పట్టణముల మురుగు — అన్నియు చేరునది ఆ పల్లమునకే. 2020 డిసెంబరులో మన ఏలూరున జరిగినదానిని ఈ సభలోనివారెవ్వరు మరచియుండరు. ఉన్నవారు ఉన్నట్లుగ వీధులలో మూర్ఛలతో పడిపోయిరి. ఆరువందలమందికి పైగా ఆసుపత్రి చేరిరి. దేశమునగల గొప్ప పరిశోధనాలయములన్నియు వచ్చి నెత్తురు తీసికొనిపోయినవి. సీసము కనబడెననిరి, నికెలు కనబడెననిరి, పురుగుమందుల అవశేషములను అనుమానించిరి. ఇన్ని యంత్రములు మన నెత్తురులోని చుక్కను చదువగలిగెను గాని, ఆ చుక్కలోనికి అది యే త్రోవను వచ్చెనో మనకు చక్కగ తెలుపలేకపోయెను. వారము తిరుగకముందే ఆసుపత్రి మంచములు ఖాళీ యయ్యెను. మనమును మన పనులలో పడితిమి.

కాబట్టి మనకు తెలియకపోవుట లేదు. సర్వేయరు గొలుసు పోయి ఉపగ్రహము వచ్చినది. ఏ గట్టు ఏ నెలలో లేచినదో, ఎవరు నిద్రించుచుండగా లేచినదో పటము చూపును. చూపనిది ఒక్కటే: ఆ గట్టు వెనుక నున్న కాగితము. ఆ కాగితములు మా బీరువాలలో నున్నవి. మిత్రులు కొందరము కూడి ఒక యేర్పాటు చేసికొంటిమి: సంఘముల పేర జరుగు ఒప్పందములను వ్రాయుట మానితిమి, వ్రాయించుకొన్నవారు తెచ్చి చూపినచో, సంఘపు సభ్యులందరి యెదుట, వారి లంకలోనే, మొదటినుండి కడవరకు చదివి వినిపించుచున్నాము. ఫీజు లేదు. ఇంతవరకు చదివినవి మూడు. రెండుచోట్ల చదువుట ముగియకమునుపే తగవులు వచ్చినవి. మూడవచోట ఎవ్వరును మాటలాడలేదు. అదియే నాకెక్కువ భయము కలిగించెను.

నా దస్తావేజు నింకను చదివి వినిపింపలేదు. ఆ ముసలివాడు లేడు. కొడుకు, ఆ చెరువు మరల లేచిన గట్టుమీదనే, నెలజీతమునకు కావలివాడుగ నున్నాడు. వచ్చు ఆదివారము పోవుచున్నాను. పడవ యున్నది; నలుగురికి చోటు కలదు. కొల్లేటి పటము, కాంటూరు గీతలతో సహా, పెద్దదిగ అచ్చొత్తించి ఆ బల్లమీద నుంచితిని. మీమీ యూళ్ళు అందులో ఎచ్చటనున్నవో చూచుకొనుడు. దీపము లార్పుటకు ఇంకను అర్ధగంట వ్యవధి యున్నదని కార్యదర్శిగారు చెప్పుచున్నారు.