కంటికి తూనికరాళ్లు



నలువది యేండ్లు దాటినవారికి దగ్గరి యక్షరములు మసకబారుట సహజము. దీనినే చత్వారమందురు. అప్పుడు కాగితమును చేచాపు దూరమున పట్టి చదువుదుము. అదియు చాలనప్పుడు పొరుగువాని సులోచనములు అడిగి తెచ్చుకొందుము. ఈ పద్ధతి సరియైనదేనా యని నేడు విచారింతము.

పూర్వపు వర్తకుని తక్కెడను జ్ఞప్తికి తెచ్చుకొనుడు. పావుశేరు, అరశేరు, శేరు, రెండుశేర్లు, నాలుగుశేర్లు, ఈ యయిదు రాళ్లున్నచో పావుశేరు మొదలు ఏడుముప్పావు శేర్ల వరకు 31 తూకములు తూచవచ్చును. ప్రతి తూకమునకు వేరొక రాయి యక్కరలేదు.

కంటివైద్యుని పెట్టెలోని కటకములును ఇట్టివే. అవి యన్నియు ఒకే కొలత గల వలయములలో బిగింపబడియుండును. పరీక్షకై ముక్కుపై నుంచు చట్రమున ఒక్కొక్క కంటికి కొన్ని గాడులు కలవు. ఏ కటకమైనను ఏ గాడిలోనైనను ఇముడును. సూర్యకిరణములను ఒక మీటరు దూరమున కూర్చు కటకపు శక్తి ఒక డయాప్టరు. అరమీటరున కూర్చుదాని శక్తి రెండు. ఈ కొలతను 1872లో ఫ్రాన్సు దేశపు వైద్యుడు మోనోయే ప్రతిపాదించెను. అంతకుముందు కటకములను అంగుళముల దూరముతో గుర్తించుటచే కూడిక చిక్కుగా నుండెడిది. ఇప్పుడు ఒకటియు రెండును చేర్చిన మూడగును.

ఒకరి రెండుకన్నుల తూకమే తరచుగా వేరు. ఇక పొరుగువాని కన్ను మన కంటికెట్లు సరిపోవును? ఎరువు సులోచనములవలన కన్ను చెడదు గాని తలనొప్పి కలుగవచ్చును. అసలు ముప్పు వేరొకటి. అక్షరములు కనబడుచున్నవి గదా యని మనము వైద్యుని చెంతకు పోము. నీటికాసులను రోగము మొదట పక్కచూపును హరించును; చదువుచుండగనే చూపు తరుగును. పోయిన చూపు మరల రాదు.

పెట్టెలో సూదిబెజ్జము గల నల్లని బిళ్ల యొకటి యుండును. మసకగానున్న దూరపు టక్షరములు దానిగుండ స్పష్టమైనచో ఆ లోపము సాధారణముగా కటకముతో తీరును. కాకున్నచో శుక్లమో, వేరు రోగమో వెదకవలెను.

2018 ఆగస్టు 15న మెదకు జిల్లా మల్కాపూరులో ప్రారంభమైన కంటివెలుగు కార్యక్రమమును, 2023 జనవరిలో మొదలైన రెండవ విడతయు తెలంగాణపు పల్లెలకు కంటి పరీక్షను తెచ్చినవి. అట్టి యవకాశము మరల వచ్చువరకు వేచియుండనక్కరలేదు. నేత్రవైద్యుడున్న ఆసుపత్రికి పోయి చూపించుకొనవచ్చును.

మన మంచిర్యాల ప్రాంతమున బొగ్గుగనిలోనికి దిగు కార్మికుడు తన దీపమును తాను ధరించియే దిగును; పొరుగువాని వెలుగును నమ్ముకొని చీకటిలో నడువడు. కంటి విషయమునను అదియే నీతి.